కోటమ్మ విత్తనం కాయలు, నేను చేసిన సాయం

పద్నాలుగు నెలలుగా ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాను కదా, ఇన్నాళ్ళ ప్రయాణం ఏం నేర్పిందని ఈ బ్లాగు చదివేవాళ్ళు తరచుగా అడుగుతుంటారు. పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోక నేను కూడా నోటు పుస్తకంలో ఒక్కో పాఠమే రాసుకుంటూ వచ్చాను. అందులో నాకు బాగా ముద్దొచ్చిన పాఠం ఒకటుంది: ఎవరింటికి వెళ్ళినా చేతులు కట్టుకుని కూర్చోకూడదు, ఏదో ఒక పనిలో చెయ్యి వెయ్యాలి. మొన్న మార్చిలో పల్నాడులో ఆరు రోజులున్నాక ఆ పాఠాన్ని అడ్డంగా కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అటువైపు మిరప కల్లాలు చూడటానికి వెళ్దామనుకునేవాళ్ళ కోసం దారి, ఖర్చు కూడా మధ్యమధ్యలో చెబుతాను.

నా సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. రాజమండ్రిలో పద్దెనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. రోజుకు ఆరు క్లాసులు. అరిచి అరిచి చివరికి గొంతు మొరాయించింది. ఆరు నెలలు నోరెత్తొద్దని డాక్టరు చెప్పారు. నోరెత్తని పంతులమ్మకు కాలేజీలో పనేముంటుంది? అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను స్నేహితురాలి మేడ మీది గదిలో పడేసి, ఒక్క సంచితో బయల్దేరాను. నాలుగు నెలలకే గొంతు బాగుపడింది. నేను మాత్రం వెనక్కి వెళ్ళలేదు. ఊరు నచ్చితే రెండు రోజులు, నచ్చకపోతే ఒక రోజు, తర్వాత సంచి సర్దుకోవడమే. ఈ బతుకులో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు. అదే నాకు బాగా అలవాటైపోయింది.

పల్నాడు పల్లెకు నన్ను లాక్కెళ్ళింది ఒక పచ్చడి. నాగార్జునసాగర్ చూసుకుని మాచర్లలో దిగాను. బస్టాండుకు దగ్గర్లో గది ఏడు వందలు, ఫ్యాను తిరుగుతుంది, నీళ్ళు వస్తాయి, అంతకంటే ఆశించొద్దు. ఆ పక్క సందులో ఉన్న మెస్సులో భోజనం నూట ఇరవై. అక్కడ పప్పులోకి పండుమిరప పచ్చడి వేశారు. ముందు వాసన ముక్కుకు తగిలింది, కారం మాత్రం తీరిగ్గా వచ్చింది. మూడుసార్లు వేయించుకున్నాను. వంటాయన వచ్చి నా కంచం వంక చూసి నవ్వాడు.

"అది సీడు కాయ కాదండీ, నాటు కాయ. కారంపూడి అవతల మాకు మేనత్త వరసామె ఉంది, కోటమ్మని. ఆమె ఇచ్చిన నారుతోనే మా అమ్మ పెరట్లో పెంచిద్ది," అన్నాడు. ప్యాకెట్లలో కొనే కంపెనీ విత్తనాన్నీ, దాని పంటనూ అక్కడ సీడు అనే అంటారు. ఆమెను చూడొచ్చా అని అడిగాను. అక్కడికక్కడే ఫోన్ చేశాడు. "రమ్మంటంది. మనిషి చానా మంచిది. నోరే కాస్త గట్టిది," అన్నాడు.

మర్నాడు ఉదయం ఏడుంపావుకు కారంపూడి పల్లెవెలుగు ఎక్కాను. గంట పైచిలుకు ప్రయాణం. ఈమధ్య మన రాష్ట్రంలో ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, మగవాళ్ళకు యాభై అటూ ఇటూ అవుతుంది. కారంపూడి నుంచి ఊరు ఆరు కిలోమీటర్లు. షేర్ ఆటో ఇరవై రూపాయలే కానీ నిండేదాకా కదలదు. నేను మాట్లాడుకున్న ఆటో మస్తాన్‌ది, మొత్తానికి నూట యాభై. కల్లాలు చూడటానికి వచ్చానంటే అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. "చూసేదానికేముంది మేడం, కాయలేగా. మూతికి గుడ్డ కట్టుకోండి, లేకపోతే తుమ్మి తుమ్మి చస్తారు," అన్నాడు. దారికి రెండువైపులా పొలాల హద్దులకు నాపరాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. వాటి వెనకాల ఎక్కడ చూసినా ఎర్రగా ఆరబోసిన కాయలే. నేను గుడ్డ కట్టుకునేలోపే తుమ్ములు మొదలయ్యాయి, మస్తాన్ నవ్వు ఆపుకోలేదు.

ఊరి పేరు రాయడం లేదు. కోటమ్మ వద్దంది. "రాశావంటే జనం ఎగబడతారు, వాళ్ళకు అన్నం నువ్వొండుతావా?" అంది. ఆమెకు అరవై దగ్గర పడుతుంటాయి. భర్త సాంబయ్య రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. ఎకరం సొంతం, రెండెకరాలు కౌలు, అంతా మిరపే. నన్ను గుమ్మంలో చూడగానే "ఏంది, ఇంత బక్కగా ఉన్నావ్, తిండి పెట్టే దిక్కు లేదా?" అని లోపలికి తీసుకెళ్ళింది. అక్కా అని పిలిస్తే పిన్నీ అనమంది. బసకు డబ్బిస్తానన్నానని కసురుకుంది. అంత ఆపేక్షగా కసిరినవాళ్ళు ఈ పద్నాలుగు నెలల్లో ఎవరూ లేరు.

కల్లం ఊరికి కిలోమీటరు దూరంలో చదునైన రాతినేల మీద ఉంది. రెండో కోత కాయ ఆరు క్వింటాళ్ళ దాకా ఆరబోసి ఉంది. పొద్దున పలచగా పరుస్తారు, సాయంత్రం మంచు పడకముందే రాశి పోసి పట్టా కప్పుతారు. ఎండిన కాయలోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి వేరే పోస్తారు, అవీ అమ్ముడుపోతాయి. ఆ ఏరే పనికి మరియమ్మ, ఆమెతో మరో నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. మరియమ్మది ఆ ఊరే, కోటమ్మ పొలంలో ఇరవయ్యేళ్ళుగా పని చేస్తోంది. మొదటిరోజంతా నేను వాళ్ళ పక్కన కూర్చుని తాలు ఏరాను. మంట పుట్టి వేళ్ళు ఉబ్బాయి. అయినా ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు లోలోపల పొంగిపోయాను.

ఏరుతూ ఉండగా కోటమ్మ నాటు మిరప సంగతి చెప్పింది. ఆ విత్తనం ఆమె అత్తగారి నుంచి వచ్చింది. పొలం చివర ఒక్క చాలు, అంటే ఒకే వరస, సీడు మొక్కలకు దూరంగా వేస్తుంది. జూన్‌లో నారు పోసి ఊళ్ళో అడిగిన ప్రతి ఇంటికీ పిడికెడు నారు ఊరికే ఇస్తుంది. పచ్చళ్ళ కాలం వచ్చిందంటే ఊరు ఊరంతా ఆమె పేరు తలుచుకుంటుందట. "కూతురు పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు నా గుమ్మంలోకి," అని నవ్వింది. నేను ఎంతో శ్రద్ధగా విన్నాను. అయితే ఈ ఏటి విత్తనం కాయలు ఎక్కడ ఆరుతున్నాయో అడగాలని మాత్రం తోచలేదు.

అవి నా కళ్ళముందే ఉన్నాయి. కల్లానికి ఓ పక్కన నడుమెత్తు బండ ఉంది. దాని మీద పాత చీర పరిచి రెండు చాటలంత కాయలు ఆరబోసి ఉన్నాయి. ఇంటి వాడకానికి పక్కన పెట్టుకున్నారు కాబోలని అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి కోటమ్మ గేదెలకు నీళ్ళు పెట్టడానికి ఇంటికి వెళ్ళింది. అరగంట గడిచిందో లేదో సాగర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మార్చిలో వాన ఏమిటని నేను ఆకాశం వంక చూస్తూ ఉండగానే సాంబయ్య "పట్టా! పట్టా!" అని కేక పెట్టాడు. ఆడవాళ్ళు ఐదుగురూ కొంగులు దోపి, చెక్కపారలతో కాయను రాశికి తోస్తున్నారు. చినుకులు మొదలయ్యాయి. నా వంక చూసే తీరిక ఎవరికీ లేదు. నాకు బండ మీది కాయలు గుర్తొచ్చాయి. పరుగెత్తి చీర అంచులు కూడదీసి మూట కట్టి, ఆయాసపడుతూ తెచ్చి, పట్టా లాగేలోపు ఆ మూటను పెద్ద రాశి మీద గుమ్మరించాను. మీదనుంచి ఇంకో నాలుగు పారల కాయ పడింది. పట్టా కప్పి రాళ్ళు పెట్టాం. ఒక్క కాయ కూడా బయట వదల్లేదని తడిసిన మొహంతో అందరినీ చూసి నవ్వాను.

కోటమ్మ నెత్తిన గోనెపట్టా వేసుకుని పరుగున వచ్చింది. రాశి వైపు చూడలేదు. నేరుగా బండ వైపు వెళ్ళింది.

"బండ మీద కాయలేయి?" అని అడిగింది.

"తడవనివ్వలేదు పిన్నీ, అన్నీ రాశిలో పోసేశాను," అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

"ఏ రాశిలో?"

పట్టా కప్పిన పెద్ద రాశిని చూపించాను. ఆమె ఆ తడి బండ మీదే కూలబడిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. సాంబయ్య నా దగ్గరకొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "అయి ఇత్తనం కాయలమ్మా. నాటుయ్యి. చాలు కూడా మొన్ననే దున్నేశాం. మళ్ళీ కోద్దామంటే మొక్క లేదు."

నన్నెవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఊరివాళ్ళ పెరళ్ళలో ఆ కాయ ఉంటుంది కదా అని నసిగాను. "సీడు మొక్కల పక్కన పెరిగినయ్యి. తేనెటీగలు దాని పుప్పొడి దీనికి, దీనిది దానికి అంటిస్తయ్. ఆ కాయ పచ్చడికి పనికొచ్చిద్ది, ఇత్తనానికి పనికిరాదు," అంది కోటమ్మ. ఇంటికొచ్చి నాకు టీ పెట్టిచ్చింది కానీ నా మొహం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అలాంటప్పుడు నేనేం చేస్తానో నాకు బాగా తెలుసు. సంచి సర్దాను. మస్తాన్‌కు ఫోన్ చేశాను. ఐదున్నరకల్లా వచ్చాడు. సంగతి విని ఆటో ఇంజను ఆపేశాడు.

"మీరెళ్ళిపోతే ఏమైతది మేడం? రేపు ఇంకో ఊళ్ళో ఇంకో పచ్చడి తింటారు. ఈమె ఆ రాశి ముందు కూర్చోవాల. తీసుకెళ్ళమంటే తీసుకెళ్తా, నాకు బాడుగొచ్చిద్ది. కానీ మళ్ళీ ఈ రోడ్డెక్కాలంటే మీకే మొహం చెల్లదు," అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆటో నడిపేవాడికి నా ప్రయాణం గురించి చెప్పే హక్కేముందని కూడా అనుకున్నాను. కానీ నిజం అదే. పద్నాలుగు నెలల్లో నావల్ల ఎక్కడెక్కడ ఏం చెడిపోయిందో నాకు తెలియదు, ఎందుకంటే తెలిసే రోజుకు నేను ఆ ఊళ్ళో లేను. మస్తాన్‌కు వచ్చిన దారి ఖర్చు ఇచ్చి పంపేశాను, సంచి మళ్ళీ లోపల పెట్టాను. కోటమ్మ చూసింది, రాత్రికి నాకు కూడా కంచం పెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం దాకా మబ్బు విడవలేదు, పట్టా తీయడానికి వీలు కాలేదు. ఎండ వచ్చాక రాశి విప్పి పలచగా పరిచాం. తేమకు కాయలన్నీ ఉబ్బి ఒకేలా కనిపిస్తున్నాయి, ఏది నాటో ఏది సీడో నాకు అంతుపట్టలేదు. నాలుగో రోజుకు కాస్త ఆరాక తేడా తెలిసింది. సీడు కాయ పొడుగ్గా, నున్నగా ఉంటుంది. నాటు కాయ పొట్టి, తోలు దళసరి, కొస కొంచెం వంకర. అనుమానం వస్తే చెవి దగ్గర పెట్టి ఆడించమని మరియమ్మ నేర్పింది, లోపల గింజ ఎక్కువ కాబట్టి నాటుది గలగలమంటుంది. తాలు ఏరుతూనే ఆ ఆడవాళ్ళు నాటు కాయ కనబడితే నా ఒళ్ళో పడేసేవారు. నేను ఉదయం ఆరింటి నుంచి వంగిన నడుము ఎత్తలేదు. సాయంత్రానికి దోసెడు కాయలు పోగయ్యాయి, పరమానందంగా కోటమ్మ ముందు పోశాను. ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసి సగానికి పైగా అవతల పడేసింది.

"ఇవి నాటువే కదా పిన్నీ?" అన్నాను.

"అయ్యుండొచ్చు. అనుమానం ఉన్న కాయ ఇత్తనానికి పనికిరాదమ్మాయ్," అంది. వాన పడ్డాక ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడింది ఆ పూటే.

ఐదో రోజు మరియమ్మకు ఓపిక నశించింది. చేతిలో కాయలు కింద పడేసి కోటమ్మ వైపు తిరిగింది. "ఇరవయ్యేళ్ళ నుంచి అడుగుతున్నా కోటమ్మొదినా, గుప్పెడు ఇత్తనం ఇయ్యమని. నారు ఇస్తావుగానీ ఇత్తనం ఇయ్యవు. ఇచ్చుంటే ఇయ్యాల నా ఇంట్లో ఉండేది, పరుగెత్తి తెచ్చేదాన్ని. ఈ పంతులమ్మని అని ఏం లాభం?"

కల్లంలో అందరి చేతులూ ఆగిపోయాయి. కోటమ్మ తల ఎత్తకుండానే చిన్నగా అంది. "ఇత్తనం కూడా ఇచ్చేస్తే ఇంక నా గుమ్మం తొక్కేదెవరే?"

అంత గట్టి నోరున్న మనిషి ఆ మాట అంత మెల్లగా అనడం నేను వినడం అదే. మరియమ్మ మెత్తబడింది. "ఒస్, నీ దగ్గరికి నారు కోసమే వస్తున్నామా?" అంది. అని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

ఆరో రోజు పొద్దున పని పూర్తయ్యింది. రెండు చాటల కాయల్లో నమ్మకంగా తేలినవి ముప్పై ఎనిమిది. మిగతావి కాళ్ళ కింద నలిగాయి, అనుమానంతో అవతల పడ్డాయి, లేదా ఇంకా ఆ ఎరుపులోనే ఉన్నాయి. కోటమ్మ బండ మీద కూర్చుని ఒక్కొక్క కాయ చీల్చింది. దళసరి తోలు కదా, లోపలికి తేమ పట్టి చాలావాటిలో గింజల మీద నల్లగా బూజు పుట్టింది. పసుపు పచ్చని శుభ్రమైన గింజ ఉన్న కాయలు తొమ్మిదే మిగిలాయి. వాటిలో ఎన్ని మొలుస్తాయని అడిగాను. "జూన్‌లో పోస్తే తెలిసిద్ది," అంది. తొమ్మిది కాయల గింజా కాగితం మీద పోసి చాలాసేపు చూస్తూ కూర్చుంది.

నన్ను తీసుకెళ్ళడానికి మస్తాన్ వచ్చాడు. అప్పుడు కోటమ్మ ఆ గింజను వేళ్ళతో మూడు భాగాలు చేసింది. ఒక చిన్న భాగం పొట్లం కట్టి మరియమ్మకిచ్చింది. "ఇంద. నీ గోడ పక్కన పెట్టు, చుట్టుపక్కల సీడు మొక్క ఉండకూడదు. రేపు నాది పోతే నేను నీ గుమ్మంలోకి రావాల, గుర్తుంచుకో." మరియమ్మ పొట్లాన్ని కళ్ళకద్దుకుంది. ఇంకో పొట్లం మస్తాన్ చేతిలో పెట్టింది. "మీ అమ్మకియ్యి. ఏటా నారుకొచ్చిద్దిగా, పెద్దామెకు మొక్కల మీద చెయ్యి మంచిది." పెద్ద భాగం తన కొంగున ముడేసుకుంది.

నాకు కూడా ఇస్తుందనుకున్నాను. అంత కష్టపడి ఏరాను కదా. నిజంగానే చెయ్యి చాచాను.

"నీకెందుకు? నీకు నేలేది?" అంది కోటమ్మ.

"కుండీలో వేస్తాను పిన్నీ."

"కుండీ ఏడ పెడతావ్, సంచిలోనా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె ఆ మాట కోపంతో అనలేదు, ఉన్న సంగతి అంది. నా చాచిన చేతిలో సద్దన్నం మూట పెట్టి, "ముందు నేల చూసుకో. చూసుకుని రా, ఇస్తా," అంది. ఆటో ఎక్కి కారంపూడి చేరేదాకా బాగానే ఉన్నాను. నరసరావుపేట బస్సు గంటన్నర పైనే పడుతుంది. కిటికీ పక్కన కూర్చున్నాక కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్క సీటామె మిరప ఘాటు అనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

ఏ ఊరికీ కట్టుబడకపోవడం గొప్ప అని నేను ఇక్కడే చాలాసార్లు రాశాను, మీరు మెచ్చుకున్నారు కూడా. అది అబద్ధం కాదు. తిరగకపోతే నాకు ఆ పచ్చడీ తెలియదు, కోటమ్మా తెలియదు. కానీ ఇన్ని నెలల్లో ఎంతమంది నాకు అన్నం పెట్టినా, ఇది నీ దగ్గర ఉంచు, మళ్ళీ అడుగుతానని నాకు ఒక్కరూ ఏమీ ఇవ్వలేదు. ఉంచడానికి నాకు చోటు లేదని వాళ్ళందరికీ తెలుసు, నాకే తెలియలేదు. ఇరవయ్యేళ్ళు విత్తనం దాచుకున్న కోటమ్మ ఒక్క పూటలో పంచగలిగింది. నేను తీసుకోలేకపోయాను. నరసరావుపేట బస్టాండులో దిగగానే రాజమండ్రి స్నేహితురాలికి ఫోన్ చేసి ఇల్లు చూడమన్నాను. బాల్కనీ, లిఫ్టు, ఏసీ ఏవీ వద్దు, కింది వాటా కావాలి, నాలుగు మొక్కలు పట్టే మట్టి ఉండాలి అన్నాను. దొరికితే జూన్‌లోపు ఆ మట్టిని ఫోటో తీసుకుని కోటమ్మ దగ్గరకు వెళ్తాను. ఆ గింజలు మొలుస్తాయో లేదో అప్పటిదాకా తెలియదు, తలుచుకుంటే భయంగా ఉంది.

మార్చి, ఏప్రిల్‌లో కల్లాల వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. చేతులకు కారం మంట పుడితే ముందు నూనె రాసుకుని ఆ తర్వాతే సబ్బుతో కడుక్కోండి అని అందరూ చెబుతారు, అది సరే. అంతకంటే ముందు, అక్కడ ఒక్క కాయ ముట్టుకోవాలన్నా అది దేనికోసం ఉందో అడగండి. ఒక్క మాట అడగడానికి పట్టేంత వ్యవధి ఏ వానైనా ఇస్తుంది.